రెండు బరువులు మోసిన మహాకవి – గుఱ్ఱం జాషువ

లోకమున మానవుని క్రుంగదీయు బరువులు రెండు గలవు. ఒకటి దారిద్ర్యము. రెండవది పుట్టుకనుబట్టి సంఘము అంటగట్టు తక్కువతనము. మొదటి బరువును శ్రమచేతనో, విద్యచేతనో, కాలము కలిసివచ్చుటచేతనో కొంతవఱకైనను దించుకొనవచ్చును. రెండవదానిని మోయువాడు తనంతట తాను దించుకొనజాలడు. మోపినవారు తీసినగాని అది దిగదు. ఈ రెండు బరువులను ఒక్క భుజముననే మోయుచు, తెలుగు పద్యమునకు క్రొత్త జీవము పోసిన మహనీయుడు గుఱ్ఱం జాషువ. మా నూజెండ్లకు పొరుగుననున్న వినుకొండయే ఆయన జన్మస్థలము. ఆయన మన సంప్రదాయమున పుట్టినవాడు కాడు. అయినను పండ్రెండవ శతాబ్దమున కల్యాణ నగరమున శరణులు లేవనెత్తిన ప్రశ్ననే ఆయన జీవితము మరల మన ముందుంచుచున్నది. అందువలన ఈ పత్రికాముఖమున ఆయన చరిత్రను సంగ్రహముగా విన్నవించుచున్నాను.

జాషువ 1895 సెప్టెంబరు 28వ తేదీన జన్మించెను. నాటికి గుంటూరు జిల్లా ఏర్పడలేదు. అది 1904లో ఏర్పడినది. వినుకొండ తాలూకా అప్పుడు కృష్ణాజిల్లాలో నుండెను. 2022లో పల్నాడు జిల్లా ఏర్పడిన పిమ్మట ఆ ప్రాంతము దానిలో చేరినది. తండ్రి వీరయ్య యాదవుడు. తల్లి లింగమ్మ మాదిగ కులమునకు చెందినది. కులము దాటి కూడిన దంపతుల బిడ్డకు నాటి సంఘమున ఎట్టి ఆదరము లభించునో వేఱుగ చెప్పనక్కఱలేదు. కల్యాణమున మధువరసుని కూతును హరళయ్య కుమారునకిచ్చి వివాహము చేసినందులకు ఆ తండ్రు లిరువురును బిజ్జలుని చేతిలో ఘోరశిక్ష ననుభవించిరని మన పెద్దలు చెప్పగా వినియున్నాము. హరళయ్య చెప్పులు కుట్టు కాయకము చేసినవాడు. ఆ వృత్తాంతమునకు ఏడు వందల సంవత్సరములకు పైబడిన పిదపకూడ వినుకొండలో అట్టి కలయిక వలన పుట్టిన బాలుడు తల్లిదండ్రులు చేసిన సాహసమునకు తాను వెల చెల్లింపవలసివచ్చినది. రాజదండనము పోయినను సంఘదండనము మిగిలియే యుండెను.

ఆ కాలపు మెట్టసీమ పల్లె యెట్లు నడచెడిదో తెలిసినగాని ఈ దండనములోని అన్యాయము బోధపడదు. కాలువలు లేని ఆ రోజులలో వానయు బావియు రైతునకు ఆధారములు. కపిలబావి నుండి నీరు తోడుటకు తోలుబాన కావలయును. ఎద్దులకు పట్టెడలు, రైతు కాళ్ళకు చెప్పులు కావలయును. వీనినన్నిటిని సమకూర్చువాడు మాదిగవాడు. చచ్చిన పశువును మోసికొనిపోయి, దాని చర్మమును ఊనవైచి, పదునుచేసి, కుట్టి యిచ్చెడివాడు. అందులకు ప్రతిఫలము కళ్ళములో కొలిచి యిచ్చు మేర మాత్రమే. పంట పండినయేడు ఆ మేర దక్కును. పండనియేడు రైతు అప్పుతో గడుపుకొనును, ఇతడు పస్తుతో గడుపుకొనును. అతడు కుట్టిన బాన బావిలోనికి దిగవచ్చును. దానితో తోడిన నీరు పైరున కెల్ల పాఱవచ్చును. అతని చేయి మాత్రము ఊరి బావి చేదను తాకరాదు. పేదఱికమును అంటరానితనమును ఒకదాని నొకటి పోషించుకొనుట యనగా ఇదియే. భూమి లేదు గనుక పేదవాడు; పుట్టుక కారణముగ భూమి దక్కదు; భూమి లేనివాని పుట్టుకను ఎవరును గౌరవింపరు. ఈ వలయములో జాషువ కన్నులు తెఱచెను.

బాల్యమున ఆయనకు బొమ్మలు గీయుటయందును పాటలు పాడుటయందును మక్కువ మెండు. దీపాల పిచ్చయ్యశాస్త్రి ఆయనకు చిన్ననాటి మిత్రుడు. తరువాతి కాలమున పిచ్చయ్యశాస్త్రియు కవిగా పేరుగాంచెను. తిరుపతి వేంకటకవులవలెను కొప్పరపు సోదరులవలెను తామును జంటకవులు కావలెనని ఆ బాలు రిరువురు ముచ్చటపడిరట. పేరులు రెండును ఎట్లు కలిపినను పొసగకపోవుటచే ఆ యత్నము మానుకొనిరని చెప్పుదురు. ఒకరు బ్రాహ్మణ బాలుడు, మఱియొకరు ఊరు దూరముగ నుంచిన తల్లి బిడ్డ. పద్యము వారిని కలిపినది. జూపూడి హనుమచ్ఛాస్త్రి యను పండితుడు జాషువకు మేఘసందేశము, రఘువంశము, కుమారసంభవము బోధించెను. ఆ గురువు తన విద్యను పాత్రునకు దాచక యిచ్చిన పుణ్యము తెలుగుభాషకు దక్కినది. ఒక్క పండితుడు తన యింటి వాకిలి తెఱచుట వలన ఎంత మేలు కలుగునో ఉపాధ్యాయులమైన మాబోటివారము నిత్యము స్మరింపవలసిన విషయము.

అయితే వాకిళ్ళన్నియు అట్లు తెఱువబడలేదు. వినుకొండలో జరిగిన యొక అవధాన సభలో యువకుడైన జాషువ తాను వ్రాసిన పద్యములు చదివెను. పద్యములలో తప్పు పట్టినవారు లేరు. చదివినవాని పుట్టుకను తప్పుపట్టినవారు కలరు. తక్కువ కులమువానిని సభలోనికి ఏల రానిచ్చితిరని కొందఱు గద్దించిరి. సరస్వతీ పీఠమని చెప్పుకొను సభలో ఆయనకు దక్కిన తొలి బహుమానము ఇది. సీతమ్మ వార్తను శ్రీరాముడు వినిన కొండ గనుక వినుకొండ యైనదని మా ప్రాంతమున చెప్పుకొందురు. ఆ కొండ క్రింద నుండు మనుష్యులు నాడు ఒక బాలకవి హృదయఘోషను వినలేకపోయిరి.

1910లో జాషువకు మేరీతో వివాహమైనది. అప్పటికాయనకు సుమారు పదునైదేండ్లు. సంసారభారము మీదపడగా మిషను పాఠశాలలో నెలకు 3 రూపాయల జీతముపై ఉపాధ్యాయుడుగా చేరెను. వినుకొండకు 8 మైళ్ళ దూరముననున్న అగ్నిగుండాలకు కాలినడకన పోయివచ్చుచుండెను. ఆ యుద్యోగమును నిలువలేదు. పొట్ట చేతబట్టుకొని రాజమహేంద్రవరము చేరెను. అవి మాటలులేని చలనచిత్రముల దినములు. తెరపై బొమ్మ కదలుచుండగా ప్రక్కన నిలిచి కథను సంభాషణములను ప్రేక్షకులకు చదివి వినిపించు వాచకుడుగా 1915, 1916 సంవత్సరములలో పనిచేసెను. తెర చీకటిలో కనబడక తన గొంతును మాత్రమే వినిపించెడి ఆ యువకుని పుట్టుక ఏమని అడుగుటకు ప్రేక్షకులకు అవకాశము లేకపోయినది.

తరువాత గుంటూరున లూథరన్ మిషను వారి ఉపాధ్యాయ శిక్షణాలయమున సుమారు పదియేండ్లు బోధించెను. ఉభయభాషాప్రవీణ పట్టమును సంపాదించి, 1928 నుండి 1942 వఱకు గుంటూరులోనే తెలుగు పండితుడుగా పనిచేసెను. పిమ్మట యుద్ధకాలమున ప్రచారశాఖలోను, 1957 నుండి 1959 వఱకు మదరాసు ఆకాశవాణి కేంద్రములోను ఉద్యోగములు చేసెను. ఒక్కచోట స్థిరపడి, నిశ్చింతగా కావ్యరచన చేయు భాగ్యము ఆయనకు చాలకాలము లభింపలేదు. పగలు పాఠములు చెప్పి, మిగిలిన వేళలో పద్యము లల్లెను. ఈ విధముగ మూడు రూపాయల జీతగాడు మొదటి బరువును మెట్టుమెట్టుగ దించుకొనెను. రెండవ బరువు సంగతి యేమి?

ఆయన కుటుంబము క్రైస్తవ మతమును స్వీకరించినది. మతము మారినంత మాత్రమున పుట్టుక మచ్చ తొలగలేదు. హిందూ సమాజములోని ఛాందసులు ఆయనను అంటరానివాడనిరి. ఆయన 1919లో రుక్మిణీకల్యాణమును రచించెను; పురాణములు చదివెను. అన్యదేవతలను కీర్తించినాడని క్రైస్తవులలోని ఛాందసులు ఆయనను వెలివేసిరి. ఇరువైపులను గెంటబడినవానికి ఇరువైపుల నుండియు విడుదల కలిగినది. ఇక ఆయన ఏ పీఠమునకును జంకవలసిన పని లేకపోయినది. ఏ క్రైస్తవ సమాజము తన్ను వెలివేసినదో ఆ మతమునకు మూలపురుషుడైన ఏసు చరిత్రమునే 1958లో క్రీస్తుచరిత్ర యను కావ్యముగ రచించి, 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతిని పొందెను. పీఠములపై కోపము వేఱు, మహాత్ములపై భక్తి వేఱు అను వివేకము ఆయనకు కలదు.

1932లో వెలువడిన పిరదౌసి కావ్యమును చూడుడు. పారశీక మహాకవి ఫిరదౌసి షానామా యను బృహత్కావ్యమును దశాబ్దములపాటు శ్రమించి రచించెను. పద్యమునకొక బంగారు నాణెము చొప్పున ఇత్తునని గజనీ ప్రభువు మాట యిచ్చి, తీరా కావ్యము ముగిసిన తరువాత వెండి నాణెములు పంపించెనని ప్రసిద్ధమైన గాథ. ప్రభువునకు పశ్చాత్తాపము కలిగి బంగారము పంపునాటికి కవి శవము ఊరు వెలుపలికి పోవుచుండెనట. ఎక్కడి పారశీకము, ఎక్కడి పల్నాడు! అయినను జాషువ ఆ కథనే ఏల ఎన్నుకొనెనో ఊహించుట కష్టము కాదు. పని పూర్తిగ చేయించుకొని కూలి తగ్గించి యిచ్చుట గజనీలోను కలదు, కళ్ళములోను కలదు. కొలత పాత్ర వేఱు కావచ్చును, మోసపు కొలత ఒక్కటియే. 1934లో వెలువడిన అనాథ యను కావ్యమున దిక్కులేని పేదరాలికి కావ్యగౌరవము కల్పించెను. రాజులకును దేవతలకును అలవాటుపడిన ప్రౌఢ పద్యము ఆయన చేతిలో పూరిగుడిసె గడపను దాటి లోనికి పోయినది.

1941లో గబ్బిలము వెలువడినది. గురువు వద్ద చదివిన మేఘసందేశము ఇక్కడ క్రొత్తరూపమున ఫలించినది. కాళిదాసు కావ్యమున ప్రియావియోగముతో కుములు యక్షుడు మేఘముతో సందేశ మంపెను. జాషువ కావ్యమున సందేశ మంపువాడు ఆకలితో అవమానముతో కుములు ఒక అరుంధతీసుతుడు. దూత యెవరు? అపశకున మని జనులు అసహ్యించుకొను గబ్బిలము. సందేశము ఎవరికి? పరమేశ్వరునికి. కవి దూతను ఎన్నుకొన్న తీరులోనే కావ్య తాత్పర్యమంతయు ఇమిడియున్నది. గబ్బిలము శివాలయ గర్భగుడిలో తలక్రిందుగ వ్రేలాడవచ్చును. శివుని చెవికి చేరువగ నుండవచ్చును. దానిని అడ్డగించు పూజారి లేడు. చెమటోడ్చి పొలము దున్ని, లోకమునకు కూడు పెట్టు మానవునకు మాత్రము ధ్వజస్తంభము దగ్గఱకు సైతము ప్రవేశము లేదు. గబ్బిలమునకున్న అధికారము మనుష్యునకు లేకపోవుట శివుని యాజ్ఞ యగునా? ఈ ప్రశ్ననే కవి శివునికి పంపించుచున్నాడు. ఆ వర్తమానములో శివునిపై ద్వేషము లేదు. ఇంటి పెద్దకు తన కష్టమును విన్నవించుకొను బిడ్డ మొఱయే కలదు. శైవులమైన మనము ఆ మొఱను మన చిరునామాకు వచ్చిన ఉత్తరముగ భావించి చదువవలసియున్నది.

ఆ కావ్యము వెలువడిన ఆరేండ్లకు, 1947లో, మదరాసు రాష్ట్రమున హరిజనుల ఆలయప్రవేశమునకు సమగ్రమైన శాసనము వచ్చినది. 1950లో అమలులోనికి వచ్చిన భారత రాజ్యాంగము 17వ అధికరణమున అస్పృశ్యతను నిషేధించినది. 1955లో దానిని శిక్షార్హముగ జేయు చట్టము వచ్చినది. చట్టము గుడి తలుపు తెఱచినది. గుండె తలుపులు తెఱచుట చట్టమునకు సాధ్యము కాదు. ఆ పని కావ్యములకును, ధర్మబోధకును, ఇంటి పెద్దలకును మిగిలినది.

జాషువ ఖండకావ్యములలో శ్మశానవాటిక పేరెన్నికగన్నది. హరిశ్చంద్ర నాటకమున నటులు ఆ పద్యములను చేర్చుకొని పాడుటచే అవి చదువురాని పల్లెజనుల నోళ్ళలో సయితము నాటుకొన్నవి. రాత్రి తెల్లవార్లు నాటకము చూచిన వృద్ధులు వానిని కంఠపాఠముగ చెప్పుట మా ప్రాంతమున కలదు. రాజు, పేద, కవి, పసిబిడ్డ యను భేదము లేక అందఱును సమానులగు చోటు అదియొక్కటియే గదాయని ఆ పద్యముల సారాంశము. మృత్యువు ఇచ్చు సమత్వమును జీవితము ఏల ఈయరాదు అను వేదన వాని వెనుక కలదు. మన పల్లెలలో ఆ సమత్వము కూడ సంపూర్ణము కాదని మనకు తెలియును. శ్మశానములు కూడ కులమునకొకటిగ విడివడియున్న ఊళ్ళు లేకపోలేదు.

కాలక్రమమున సన్మానములు ఆయనను వెదకికొని వచ్చినవి. కవికోకిల, నవయుగ కవిచక్రవర్తి మున్నగు బిరుదములు లభించినవి. తిరుపతి వేంకటకవులలో నొకరైన చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి స్వయముగ జాషువ కాలికి గండపెండేరము తొడిగి, ఆ కవి పాదము తాకుటచే తన జన్మము ధన్యమైనదని సభాముఖమున ప్రకటించెను. తాకరాదని సంఘము దూరముగ నుంచిన దేహమును, పాదము మొదలుకొని, పండిత శిఖామణి చేతులతో తాకుట తెలుగు చరిత్రలో సామాన్యమైన ఘట్టము కాదు. 1964లో జాషువ ఆంధ్రప్రదేశ్ శాసనమండలి సభ్యుడయ్యెను. 1970లో ఆంధ్ర విశ్వవిద్యాలయము కళాప్రపూర్ణ బిరుదమును, భారత ప్రభుత్వము పద్మభూషణ పురస్కారమును ఇచ్చి గౌరవించినవి. మఱుసటి సంవత్సరమే, 1971 జూలై 24న, గుంటూరులో ఆయన కన్నుమూసెను. బంగారము ఆలస్యముగ చేరిన ఫిరదౌసి కథ ఇచట తప్పక జ్ఞప్తికి వచ్చును.

ఇచ్చట ఒక్క క్షణము ఆగి ఆలోచింపవలయును. వేదికపై ఒక్కని సన్మానించుట సులభము. అతని కులమువారిని ఇంట కూర్చుండబెట్టి అన్నము పెట్టుట కష్టము. మహాకవి కాలికి పెండేరము తొడిగిన కాలముననే, మహాకవి కానట్టి వేలకొలది జనులు ఊరి బావికి దూరముగ నిలిచి నీటికై ఎదురుచూచుచుండిరి. అసామాన్యుడైనగాని గౌరవము దక్కదను సంఘము సామాన్యునకు అన్యాయము చేయుచున్నట్లే. జాషువ దీనిని బాగుగ నెఱిగినవాడు. తనకు గురువు లిరువురని, ఒకరు పేదఱికము, ఒకరు కులమత భేదమని ఆయన చెప్పుకొనెను. మొదటి గురువు సహనమును నేర్పెను. రెండవ గురువు ఎదిరించు శక్తి నిచ్చెను. తన కవితయే తన కత్తియనియు, ఆ కత్తికి సంఘముపై పగలేదనియు, సంఘపు నడవడిపై మాత్రమే పగయనియు ఆయన అభిప్రాయము. తన జీవితమును నా కథ యను పేర పద్యములలోనే వ్రాసికొనెను.

1955 డిసెంబరులో నాగార్జునసాగరమునకు పునాది పడినది. 1967లో కాలువలకు నీరు వదలిరి. 1966లో జాషువ నాగార్జునసాగరము అను కృతిని ప్రకటించెను. తరతరములుగ వానకై ఆకాశమువైపు చూచిన పల్నాటి మెట్టసీమ బిడ్డకు ఆ జలరాశి కావ్యవస్తువగుట సహజము. కుడికాలువ పాఱిన పొలములు పచ్చబడినవి. కాని నీరు ముందుగ భూమి గలవాని గట్టునే తడుపును. భూమి లేనివానికి ఆ నీటివలన నాలుగు దినముల కూలి పెరుగునేగాని గింజ అతని గాదెలోనికి రాదు. అతనికి గాదెయే లేదు. అందుచేత సంపద పెరుగుట ఒకటి, పంపకము జరుగుట మఱియొకటి. మొదటిది ఇంజనీర్ల చేతిలో కలదు. రెండవది మన చేతిలో కలదు.

జాషువ కుమార్తె హేమలత, నాస్తికోద్యమ నాయకుడైన గోరా కుమారుడు లవణముగారిని వివాహమాడెను. ఆమె స్టువర్టుపురమున, బ్రిటిషు ప్రభుత్వము నేరస్థ జాతులని ముద్రవేసిన కుటుంబముల మార్పునకు భర్తతో కలిసి పాటుపడెను. తెలంగాణ ప్రాంతమున జోగినీ దురాచార నిర్మూలనకు శ్రమించెను. 2008లో ఆమె దివంగత యయ్యెను. తండ్రి పద్యమున వ్రాసినదానిని కుమార్తె పల్లెపల్లె తిరిగి పనిలో చూపెనని చెప్పవచ్చును. వారి విశ్వాసమార్గము మనది కాకపోవచ్చును. దీనులపట్ల వారు చూపిన దయ మాత్రము మన ధర్మమునకు మూలమని బసవేశ్వరుడు బోధించిన దయయే.

శరణ బంధువులారా! మనకు వంశపారంపర్యముగ వచ్చిన సంపద చిన్నది కాదు. కాయకమునందు ఎక్కువతక్కువలు లేవను సిద్ధాంతము మనది. మాదార చెన్నయ్యను తండ్రిగ చెప్పుకొనుటకు గర్వించిన గురువు మనవాడు. నేల రాలిన బియ్యమేరుకొని బ్రదుకుచు, అవసరమునకు మించి తెచ్చిన బియ్యమును భర్తచేత వెనుకకు పంపించిన ఆయ్దక్కి లక్కమ్మ మన తల్లి. దరిద్రురాలైన ఆమె దాసోహము చేసినది. దరిద్రుడెవరో, ధనికుడెవరో ఆ కథ మనకు తేటపఱచుచున్నది. పాల్కురికి సోమనాథుడు ఇట్టి భక్తులనే జానుతెనుగున కీర్తించి తెలుగు వారి కిచ్చెను. ఇంతటి నిధికి వారసులమైనవారు వినుకొండ కవి శివునికి పంపిన వర్తమానమును చేతులు కట్టుకొని వినుట చాలదు.

మన మఠముల దాసోహ పంక్తిలో ఎవరి ప్రక్కన ఎవరు కూర్చుండుచున్నారో ప్రతి కుటుంబము తనలో తాను విచారించుకొనవలయును. మన పొలమున పనిచేయువాని కూలి దినము దాటకుండ అందుచున్నదా, అతని బిడ్డ బడి మానక చదువుచున్నదా, మన ఇంట అతనికిచ్చు నీళ్ళలోటా మన లోటాయేనా అనునవి చిన్న ప్రశ్నలవలె కనబడును. సమత్వము అనునది ఈ చిన్న ప్రశ్నలలోనే కలదు. ప్రతి మఠమును ఒక్క పేదబిడ్డను, కులము అడుగక, చదివించు భారము వహించినచో, జూపూడి హనుమచ్ఛాస్త్రి నాడు ఒక్క బాలునకు చేసినది నేడు వందలమందికి జరుగును. వారందఱును జాషువలు కానక్కఱలేదు. మనుష్యులుగ తలయెత్తి నడచిన చాలును.

కూడల సంగమదేవుని కృపవలన మన ఇండ్ల వాకిళ్ళును, మన మఠముల వాకిళ్ళును ఎల్లరకును తెఱచియుండుగాక!